ఎండాకాలంలో ఉమ్మడి తోట: మీరు అడిగారు, నేను చెప్తున్నా

ఈ నెల మన హైదరాబాద్ నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాలూ మెసేజ్‌లూ చూస్తే ఎక్కువ భాగం ఉమ్మడి తోటల గురించే. అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ ప్లాట్లు, కాలనీలో మూల స్థలాలు, నలుగురూ కలిసి వేసుకున్న మడులు. ఉగాది దాటింది, ఎండలు ముదురుతున్నాయి, అందుకని ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేశా. మామూలు మిద్దెతోట ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమనుకోకండి, వచ్చే నెల తప్పకుండా.

నిజాంపేట్ నుంచి ఒక పాఠకురాలు: నమస్తే అక్కా. మా అపార్ట్‌మెంట్ పక్కన 200 గజాల ప్లాటు ఖాళీగా ఉంటే ఓనరు గారిని అడిగి 12 ఇళ్ళవాళ్ళం కలిసి తోట వేసుకున్నామండి. చలికాలం అంతా భలే సాగింది, ఆదివారం వస్తే పిల్లా జెల్లా అందరూ అక్కడే. ఏప్రిల్ వచ్చేసరికి ఒక్కొక్కళ్ళూ జారుకుంటారు, మే నెలలో అయితే అందరూ ఊళ్ళకి వెళ్ళిపోతారు, మిగిలేది నేనూ మూడో ఫ్లోరు పెద్దావిడా. పోయినేడు ఇద్దరం బకెట్లు మోసి మోసి నడుములు పడిపోయాయి, తోటా ఎండిపోయింది, ఆ తర్వాత కొందరితో మాటలు కూడా లేవు. ఈసారి మానేద్దామా?

మానెయ్యొద్దమ్మా, తగ్గించండి. ఈ నెల ఇంతమందికి నేను చెప్పబోయేది నిజానికి ఇదొక్కటే. జనవరిలో 12 ఇళ్ళు చూసుకున్న తోటని మేలో రెండిళ్ళు చూసుకోలేవు, అది ఎవరి తప్పూ కాదు, పెళ్ళిళ్ళు అప్పుడే, పిల్లల సెలవులు అప్పుడే, అమ్మమ్మగారి ఊళ్ళో మామిడికాయలు అప్పుడే. ఏప్రిల్ చివర్లో బళ్ళు మూస్తే మళ్ళీ తీసేది మామూలుగా జూన్ 12కి. అన్ని రోజులు ఎవరుంటారో ఎవరుండరో ఇప్పుడే తెలుసుకుని, ఉండేవాళ్ళ చేతికి ఎంత అందుతుందో అంతే తోట ఉంచాలి.

ఎలాగంటే, ఈ ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఒక క్యాలెండర్ ముందు పెట్టండి, ఎవరు ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా ఊళ్ళో ఉండరో వాళ్ళ చేతే రాయించండి. నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు, తర్వాత గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. రాసింది చూస్తే మీకే తెలిసిపోతుంది మే రెండో వారంలో నలుగురే ఉంటారు అని. ఆ నలుగురికి ఎన్ని మడులు? ఒక మనిషి ఎండాకాలంలో పొద్దున ఒక అరగంటలో నీళ్ళు పెట్టి, కలుపు చూసి, కోసుకుని ఇంటికొచ్చెయ్యగలగాలి. అంతకు మించితే అది సరదా కాదు, చాకిరీ. నా లెక్క అయితే మీ 200 గజాల్లో పావు వంతు ఉంచుకోండి చాలు.

మిగతా ముప్పావు ఖాళీగా వదిలెయ్యమని కాదు, పడుకోబెట్టండి. పంట అయిపోయిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకకుండా మొదలు దగ్గర కోసెయ్యండి, మడి మీద పశువుల ఎరువు ఒక పొర, దాని మీద ఎండుటాకులు జానెడు మందాన పరిచి ఒకసారి తడిపి వదిలెయ్యండి. ఫిబ్రవరి, మార్చిలో రాలిన వేప ఆకు, కానుగ ఆకు కాలనీలో ఎక్కడ పడితే అక్కడ కుప్పలు పోసి తగలబెడుతుంటారు చూడండి, నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఊడ్చేవాళ్ళకి ఒక మాట చెప్తే గోనెసంచుల్లో మీకే ఇస్తారు. జూన్‌లో వానలు పడేనాటికి ఆ మట్టి చేత్తో తీస్తే వచ్చేంత గుల్లగా ఉంటుంది.

ఉంచుకున్న పావులో కూడా వేసవికి తట్టుకునేవే పెట్టండి. తోటకూర, గోంగూర, బచ్చలి, గంగవాయిలి, బెండ, గోరుచిక్కుడు, పందిరి మీద బీర, సొర, కాకర. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ లాంటివి ఇప్పుడు ఎవరు ఎంత ముచ్చటపడ్డా వద్దు. తోటకూరలో మళ్ళీ మళ్ళీ కోసుకునే రకాలు ఉంటాయి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్ళ అర్క సుగుణ అలాంటిదే, ఊళ్ళో ఉన్నవాళ్ళకి వారం వారం కూర దొరుకుతుంటే నీళ్ళు పెట్టడానికి కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి.

ఇంకొకటి, ఊరెళ్ళేవాళ్ళని దోషుల్లా చూడకండి. వాళ్ళు నీళ్ళు పెట్టలేరు కానీ ట్యాంకర్ డబ్బుల్లో ఎక్కువ వాటా ఇవ్వగలరు, ఊరినుంచి వచ్చేటప్పుడు నాటు విత్తనాలు తేగలరు. జూన్‌లో పందిరి కట్టే పని, మట్టి తవ్వే పని, బరువైనవన్నీ వాళ్ళ పేరు మీద ఇప్పుడే రాసెయ్యండి. మాటలు పోయినవాళ్ళ దగ్గరికి మీరే ఒకసారి ఈ క్యాలెండర్ పట్టుకుని వెళ్ళండి, పాత లెక్కలు తియ్యకండి.

నాచారం నుంచి ఒక తమ్ముడు: అక్కా, మా కాలనీల 100 గజాల జాగల తోట పెట్టుకున్నం, పదిమంది పోరగాళ్ళం ఉన్నం, పనికి ఎనకకు పోం. కానీ బోరు మార్చిలనే సన్నగయింది. ట్యాంకర్ తెప్పిద్దామా, మంజీర నీళ్ళు పెడుదామా, వాషింగ్ మెషీన్ నీళ్ళు, ఆర్ఓ నీళ్ళు పనికొస్తయా? కొత్త బోరు ఏద్దాం అంటున్నరు కొందరు.

తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం, లెక్క తెలిస్తే సగం వాదనలు ఆగిపోతాయి. 100 గజాలంటే దాదాపు 84 చదరపు మీటర్లు. నడవడానికి దారులు పోను మడులు ఒక 50 చదరపు మీటర్లు ఉంటాయనుకో. మే ఎండకి కూరగాయల మడికి చదరపు మీటరుకి రోజుకి సుమారు 6 లీటర్లు కావాలి. అంటే రోజుకి 300 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ 16 రోజులు వస్తది. అదే మడుల్ని 20 చదరపు మీటర్లకి తగ్గిస్తే రోజుకి 120 లీటర్లు, అదే ట్యాంకర్ 40 రోజులు. నిజాంపేట్ చెల్లికి చెప్పిందే నీకూ చెప్తున్నా, పని చేసే చేతులున్నా నీళ్ళు లేవు కాబట్టి తోట చిన్నదవ్వాలి.

నల్లా నీళ్ళు మాత్రం వద్దు. ఇంటికి నెలకి 20,000 లీటర్లు ఉచితం అని సర్కారు ఇస్తున్నది తాగడానికి, వండుకోవడానికి. మనం అలవాటుగా మంజీర అంటాం కానీ ఇప్పుడు నగరానికొచ్చే నీళ్ళల్లో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరివి, నాగార్జునసాగర్ దిక్కు నుంచి ఒకటి, ఎల్లంపల్లి నుంచి ఒకటి, వంద కిలోమీటర్లు దాటి పంపులతో ఎక్కించుకుని వస్తాయి. ఎండాకాలంలో పక్క బస్తీలో బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఉంటే మనం ఆ నీళ్ళు బెండ చెట్లకి పెట్టడం నాకు మనసొప్పదు.

వాషింగ్ మెషీన్ మొదటి నీళ్ళు వద్దు, సబ్బులో ఉండే సోడియం మట్టిని బిగదీస్తుంది. చివరి రెండు జాడింపుల నీళ్ళు అరటికి, బొప్పాయికి, పందిరి పాదులకి పెట్టొచ్చు, ఆకుకూరల మీద మాత్రం పొయ్యకండి. డ్రమ్ములో రోజుల తరబడి నిల్వ ఉంచితే కంపు కొడుతుంది, దోమలు పెడతాయి, ఏ రోజువి ఆ రోజే వాడాలి. ఆర్ఓ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళల్లో ఉప్పు ఎక్కువ, ఒక వంతు ఆర్ఓ నీళ్ళకి రెండు మూడు వంతులు వేరే నీళ్ళు కలపాలి, చిక్కుడు జాతికి అదీ వద్దు. మడి మీద తెల్లగా పొర కడుతుంటే ఉప్పు పేరుకుందని అర్థం, వెంటనే ఆపెయ్. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, ఏసీ నుంచి కారేవి, వీటికి ఏ భయమూ లేదు. పది ఇళ్ళ నుంచి పొద్దున్నే ఒక్కో బకెట్ తెచ్చి పోస్తే రమారమి 150 లీటర్లు, పైన చెప్పిన చిన్న తోటకి ట్యాంకర్ అవసరమే అంతగా పడదు చూడు.

పెట్టిన నీళ్ళు నిలిచేటట్టు చూసుకోవాలి. పొద్దున 7 లోపు పెట్టెయ్యాలి, మొక్క మొదలు దగ్గరే పొయ్యాలి, పైపుతో చిమ్మితే సగం గాలికే పోతాయి. మట్టి కనబడకుండా కప్పాలి. హైదరాబాద్‌లో ఎండాకాలం చెరుకు రసం బండి లేని సందు లేదు కదా, ఆ పిప్పి అడిగితే ఊరికే ఇస్తారు, రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి పరవండి, పచ్చిది పరిస్తే చీమలు పడతాయి. బోండాల బండి దగ్గర కొబ్బరి డొక్కలు తెచ్చి మడిలో అడుగు లోతున బోర్లా కాకుండా వెల్లకిలా పేర్చి మట్టి కప్పితే తడి పట్టుకుని ఉంటాయి. ఇంకా మంచిది కుండ. రోడ్డు పక్కన అమ్ముతారే మామూలు మట్టి కుండలు, రంగు వెయ్యనివి, నాలుగైదు లీటర్లవి తెచ్చి మెడ వరకు పూడ్చి, నీళ్ళు నింపి, మూత పెట్టి, చుట్టూ నాలుగు మొక్కలు పెట్టండి. కుండ లోంచి తడి ఊరుతూ ఉంటుంది, వేళ్ళు దాని చుట్టే అల్లుకుంటాయి, రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. మూత మర్చిపోవద్దు, దోమలు.

కొత్త బోరు సంగతి. నీళ్ళు, నేల, చెట్లు కాపాడటానికి పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, పర్మిషన్ లేకుండా బోరు వెయ్యకూడదు. పర్మిషన్ వచ్చినా నేను వద్దనే అంటా, ఉన్న బోరు మార్చిలోనే సన్నబడ్డ చోట పక్కన ఇంకోటి వేస్తే ఆ ఉన్న నీళ్ళనే ఇద్దరు గుంజుకోవడం. ఆ డబ్బుతో ఇంకుడు గుంత తవ్వించండి, తవ్వే పనికి మీ పదిమందీ ఉన్నారు కదా. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. మన దగ్గర ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్లు పడుతుంది. లెక్క నువ్వే వేసుకో.

సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: మా వాకర్స్ గ్రూప్ తోటలో టమాటా ఏపుగా పెరిగింది, పూత విపరీతంగా వస్తోంది, అంతా రాలిపోతోంది. ఒకాయన బోరాన్ అంటున్నారు, ఇంకొకాయన డీఏపీ అంటున్నారు. ఏది వెయ్యమంటారు?

ఏదీ వద్దు సార్. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కింద దిగకపోతే టమాటాలో పుప్పొడి పనిచెయ్యదు, పిందె కట్టదు. లోపం మట్టిలో లేనప్పుడు మందు వేస్తే మొక్కకి ఇంకా భారం. పడమటి ఎండ తగలకుండా 50 శాతం షేడ్ నెట్ కట్టండి, మొక్క మొదలు దగ్గర ఆకులు పరవండి, ముదురు కొమ్మలు కొన్ని కత్తిరించండి, బతికించుకుంటే వానలు పడ్డాక మళ్ళీ పూస్తుంది. బతికించే ఓపిక, నీళ్ళు లేవనుకుంటే తీసెయ్యండి, ఆ చోట గోరుచిక్కుడు పెట్టండి. పచ్చిమిర్చి పూత రాలడానికీ ఇదే కారణం, దాన్ని మాత్రం తియ్యకండి, మిర్చి ఓర్చుకుంటుంది. నెట్ గట్టిగా పర్మనెంట్‌గా బిగించకండి, మే నెల గాలివానకి కర్రలతో సహా లేచిపోతుంది, సాయంత్రం మబ్బు పట్టగానే ఒక చివర విప్పేటట్టు ముడి వేసుకోండి.

మణికొండ నుంచి ఒక పాఠకురాలు: మా గేటెడ్ కమ్యూనిటీలో 20 మందిమి కలిసి తోట చేస్తున్నాం మేడమ్. పంట పంచుకోవడం దగ్గర రోజూ పేచీనే. పని చెయ్యనివాళ్ళు కూడా కోసుకుపోతున్నారు, ఎవరో రాత్రి పూట సొరకాయలు కోసేశారు. ఎండాకాలం నీళ్ళు పెట్టేది మా వాచ్‌మన్ భార్య, ఆవిడ రోజూ ఇంత తోటకూర తీసుకెళ్తోందని ఒకరిద్దరు గ్రూపులో పెట్టారు. సీసీ కెమెరా పెడదామంటున్నారు.

వాచ్‌మన్ భార్య మాట నుంచి మొదలుపెడతానమ్మా, ఎందుకంటే నన్ను బాగా బాధపెట్టింది అదే. మే ఎండలో మీ తోట బతికి ఉందంటే ఆవిడ వల్ల. ఆవిడ తీసుకెళ్ళే కట్ట తోటకూర దొంగతనం కాదు, ఆవిడ హక్కు. అసలు పంపకం ఆవిడతో మొదలవ్వాలి. ముందు ఆ ఇంటికి, ఆ తర్వాతే మిగతావాళ్ళకి. దానితో పాటు నీళ్ళు పెట్టే పనికి నెలకి ఇంత అని డబ్బు కూడా ఇవ్వండి, కూరతో సరిపెట్టెయ్యకండి, వాచ్‌మన్ జీతంలో ఇది ఉందని ఎవరూ రాసుకోలేదు కదా. ఆ మెసేజ్ పెట్టినవాళ్ళకి గ్రూపులోనే మర్యాదగా ఈ మాట చెప్పండి, ఆవిడ చెవిన పడకముందే.

మిగతాది కొంచెం తేలిక. రోజూ ఎవరికి తోచినప్పుడు వాళ్ళు కోసుకోవడం ఆపండి. వారానికి రెండు కోతలు పెట్టుకోండి, బుధవారం ఆదివారం అనుకుందాం, పొద్దున్నే కోసి ఒక బల్ల మీద పోసి, ఆ వారం పని చేసినవాళ్ళు ఎందరో అన్ని కుప్పలు. బెండకాయ మాత్రం రెండు రోజులకి మించి ఆగదు, ముదిరిపోతుంది, దాన్ని ఆ రోజు నీళ్ళ వంతు ఎవరిదైతే వాళ్ళకే వదిలెయ్యండి, నీళ్ళు పెట్టినందుకు ఆ రోజు బెండకాయలు వాళ్ళవి. ఇలా పెట్టుకున్న చోట వంతు ఎగ్గొట్టేవాళ్ళు తగ్గుతారు.

పని చెయ్యకుండా కోసుకుపోయేవాళ్ళ కోసం దారి పక్క మడి ఒకటి వదిలెయ్యండి, గోంగూర, కరివేపాకు, పుదీనా లాంటివి పెట్టి "ఎవరైనా కోసుకోవచ్చు" అని బోర్డు రాయండి. చాలామంది ఇంటికి చుట్టాలొచ్చి చటుక్కున కరివేపాకు కావాల్సి వచ్చి కోసినవాళ్ళే. కెమెరా వద్దమ్మా. కూరగాయల మడి మీద కెమెరా పెట్టుకున్నాక అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని ఎవరికనిపిస్తుంది?

ఉప్పల్ నుంచి: బెండ ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు వల లాగ కనిపిస్తున్నాయి. వేపనూనె కొట్టినా తగ్గలేదు. బీరకాయలు పిందెలోనే వంకర తిరిగి కుళ్ళుతున్నాయి.

బెండకి వచ్చింది పల్లాకు తెగులు, అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది, వచ్చిన మొక్కకి ఏ మందూ లేదు. కనబడ్డ మొక్కని కనబడ్డట్టే పీకి తోట బయట పారెయ్యండి, జాలిపడి ఉంచితే పక్కవాటికీ అంటుకుంటుంది. వేపనూనె దోమని తగ్గిస్తుంది అంతే. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు ద్రావణం, సాయంత్రం ఎండ దిగాక కొట్టాలి, మధ్యాహ్నం కొడితే ఆకు మాడిపోతుంది. పసుపు రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో కట్టండి. వచ్చేసారి అర్క అనామిక లాంటి తట్టుకునే రకం విత్తండి.

బీరది పండు ఈగ. పుచ్చిన కాయలన్నీ ఏరి ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఎండలో పడేసి చంపండి, కంపోస్ట్ గుంతలో వెయ్యకండి, అక్కడ్నించే మళ్ళీ లేస్తాయి. తీగ జాతులకి ఈ ఈగల్ని లాగి పట్టే క్యూ-ల్యూర్ ఎరలు దొరుకుతాయి, తోటకి రెండు మూడు వేలాడదియ్యండి. చుట్టుపక్కల ఇళ్ళల్లో పాదులున్నవాళ్ళు కూడా పెడితేనే పూర్తి లాభం, అడిగి పెట్టించండి.

అల్వాల్ నుంచి: ఎండాకాలం కొత్తిమీర రావట్లేదు, వచ్చినా వెంటనే పూత.

వేడికి దాని తీరే అంత. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి, సగం నీడలో వత్తుగా చల్లి, నెల తిరక్కుండానే లేతగా కోసేసుకోండి. వారానికో పిడికెడు చల్లుతూ ఉండండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుందమ్మా. అక్కడ కౌన్సిల్ వాళ్ళ దగ్గర అలాట్‌మెంట్ అని ఒక ముక్క తీసుకుంది. వీడియో కాల్‌లో చూపిస్తే ముచ్చటేసింది, వరసగా ఎవరి ముక్క వాళ్ళది. మన దగ్గర ఎందుకు ఇలా ఉండదు? మేము కాలనీలో అలా చెయ్యొచ్చా?

మీ అమ్మాయికి మంచి అదృష్టమమ్మా, చాలా ఊళ్ళల్లో దానికి ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు ఉంటుంది. అక్కడ దానికి 1908 నాటి చట్టం ఉంది, జనం అడిగితే స్థలం చూపించే బాధ్యత స్థానిక కౌన్సిళ్ళ మీద పెట్టారు. పాత కొలతలో ఒక పూర్తి ముక్క 10 రాడ్లు, అంటే 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఇంచుమించు 300 గజాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తిండికి కటకట వస్తే పార్కులు కూడా తవ్వి కూరగాయలు పండించారు. ఏడాదికి కొంత అద్దె కట్టాలి, పట్టించుకోకుండా కలుపు పెంచితే నోటీసు ఇచ్చి ఇంకొకరికి ఇచ్చేస్తారు.

కానీ వాళ్ళ వేసవి వేరు. వాళ్ళకి అది పంట కాలం, టమాటా, చిక్కుడు, గుమ్మడి జాతులు అన్నీ అప్పుడే. మనకి అది కాపాడుకునే కాలం. అక్కడి వేసవి పద్ధతులు చూసి ఇక్కడ మేలో చెయ్యకండి, వాళ్ళ జూలై పనులు మనకి నవంబరు, డిసెంబరు పనులు.

ఎవరి ముక్క వాళ్ళది అనే పద్ధతి మాత్రం తీసుకోదగ్గదే, నాకు చాలా నచ్చుతుంది. మన దగ్గర అంతా కలిపి వేస్తాం, అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుంది. మడికో ఇల్లు రాసెయ్యండి, పందిరి, కంపోస్టు, నీళ్ళ డ్రమ్ము, పనిముట్లు మాత్రం ఉమ్మడి. ఊరెళ్ళేటప్పుడు తన మడిని ఎవరికి అప్పగిస్తున్నారో చెప్పి వెళ్ళాలి, అప్పగించిన రోజుల పంట వాళ్ళదే. ఇది ఒక్కటి పెట్టుకున్నా ఎండాకాలం గొడవలు చాలా తగ్గుతాయి.

స్థలం విషయంలో జాగ్రత్త. లేఔట్‌లో పార్కు కోసం వదిలిన ఓపెన్ స్పేస్ కాలనీవాళ్ళ సొంతం కాదు, మున్సిపాలిటీ వాళ్ళని అడిగి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే దిగండి. ప్రైవేటు ప్లాటు అయితే ఓనరుతో ఒక కాగితం రాసుకోండి, ఎప్పటిదాకా, ఖాళీ చెయ్యమంటే ఎన్ని నెలల ముందు చెప్తారు, ఇంతే రెండు మూడు ముక్కలు. అలాంటి చోట మామిడి, కొబ్బరి లాంటి చెట్లు పెట్టకండి, పెరిగిన చెట్టు కొట్టడానికీ వాల్టా కింద పర్మిషన్ కావాలి, మంచికి స్థలం ఇచ్చిన ఓనరు ఇబ్బందిపడతారు.

బోడుప్పల్ నుంచి: మేము చాలావరకు అరవై దాటినవాళ్ళం. ఆకులు పరిస్తే పాములొస్తాయని మావాళ్ళు భయపడుతున్నారు. ఎండకి ఇద్దరికి కళ్ళు కూడా తిరిగాయి.

కళ్ళు తిరగడం ముందు చూడండి, పాముల కన్నా అదే ఎక్కువ భయపడాల్సింది. పొద్దున 6 నుంచి 8, సాయంత్రం 5 తర్వాత, ఆ మధ్యలో తోటకి తాళం. నిజంగానే తాళం వెయ్యమంటున్నా. వెళ్ళేముందు ఒక గ్లాసు మజ్జిగ ఉప్పు వేసుకుని తాగాలి, ఒంటరిగా వెళ్ళకూడదు, బీపీకి, గుండెకి మందులు వాడేవాళ్ళు వేసవిలో ఎంత పని చెయ్యొచ్చో డాక్టరుని ఒకసారి అడగాలి. చెమట ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ, నీడకి చేర్చి ఒళ్ళంతా తడిపి, గాలి తగిలేలా చూస్తూ వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకండి.

పాములు ఆకుల కోసం రావు, ఎలకల కోసం, చల్లదనం కోసం వస్తాయి. ఆకుల్ని మడి మీద జానెడు లోపే పరవండి, మూలల్లో కుప్పలు, ఇటుకల పోగులు, పాత కుండీల గుట్టలు ఉంచకండి. చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. కనబడితే కొట్టకండి, మన హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు, వాళ్ళ నంబరు తోట గేటు మీద రాసిపెట్టుకోండి.

మెహదీపట్నం నుంచి ఒక చెల్లి: మా బస్తీ మహిళా సంఘం వాళ్ళం ఈ వానాకాలం కొత్తగా మొదలుపెడదామనుకుంటున్నం. ఇప్పుడే విత్తనాలు వెయ్యొచ్చా? ఎక్కడ నేర్చుకోవాలె?

ఇప్పుడు వద్దు చెల్లీ, మృగశిర దాకా ఆగండి. జూన్ 8 ప్రాంతంలో కార్తె వస్తది, నాంపల్లిలో చేప మందుకి జనం కట్టే రోజులు అవి. ఒక్క వాన పడగానే వేసెయ్యకండి, మే నెలలో గాలివానలు వచ్చి మోసం చేస్తాయి, ఒకరోజు తడిసి వారం ఎండితే మొలక చచ్చిపోతుంది. రెండు మూడు మంచి వానలు పడి మట్టి జానెడు లోతు తడిశాక విత్తుకోండి.

ఈలోపు నేర్చుకోవచ్చు. నాంపల్లి రెడ్ హిల్స్‌లో ఉద్యాన శాఖ వాళ్ళ శిక్షణ సంస్థ ఉంది, ఇంటి తోటల మీద క్లాసులు పెడుతుంటారు, మీకు దగ్గరే, వెళ్ళి తర్వాతి క్లాసు ఎప్పుడో కనుక్కోండి. నారపల్లిలో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన మిద్దె మీదే ఏళ్ళ తరబడి కూరగాయలు పండించి ఎంతమందికి ధైర్యం ఇచ్చారో మీకు తెలిసే ఉంటుంది. మొదటి ఏడు నాలుగు మడులు చాలు. సంఘంలో ఎంతమంది ఉన్నా సరే నాలుగే. రెండింట్లో ఆకుకూరలు, ఒకదాంట్లో బెండ, గోకరకాయ, ఒకదాని మీద పందిరేసి ఆనిగెపుకాయ, బీరకాయ. మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలిపి, కొంచెం వేపపిండి వేసి, ఇప్పటినుంచే కప్పి పెట్టుకోండి. విత్తన ప్యాకెట్ కొనేటప్పుడు వెనక తారీఖు చూడండి, పోయినేటివి తక్కువ ధరకి ఇస్తామంటే తీసుకోకండి. పందిరికి కర్రలు మాత్రం ఇప్పుడే కొనిపెట్టుకోండి, వానలు మొదలయ్యాక రేటు పెంచేస్తారు.